ముఖానికి పసుపు వద్దన్నాను

కృత్తిక కార్తె, చివరి రోజు

ఇవాళ అడుగు సొరంగం నుంచి వచ్చిన రాళ్ళు మూడు. మూడింటికీ పసుపే.

రాళ్ళగది దినచర్యలో రాళ్ళ సంగతి తప్ప మరొకటి రాయకూడదని, నాకీ పని అప్పగించిన పెద్దాయన చెప్పి పోయాడు. ఆయన బ్రహ్మచారి. నా సంగతి అలా కాదు. రాయి తొలిచి పంపేది నా పెళ్ళాం సూరీడమ్మ, దాన్ని చదివేది నేను. రాయి గురించి రాయబోతే మనిషి రాకుండా ఉంటుందా?

మేం కాపురాలుండే ఈ కొండ కడుపులో వేడికొట్టు ఉంది. వడ్లకొట్టులో వడ్లు పోసుకున్నట్టు, కొండ మీది అద్దాలతోట పట్టిన వేసవి ఎండనంతా అందులోకి దింపి దాచుకుంటాం. సూర్యుడు మొహం చూపించని వానాకాలమంతా దీపాలకీ పంకాలకీ అదే ఆధారం. కొట్టుకీ అడుగు సొరంగానికీ మధ్య సున్నపురాతి గోడ ఒక్కటే అడ్డం. సూరీడమ్మ ఆ గోడకి సన్నటి బెజ్జం వేసి, వేలెడంత రాయి లాగి, గిలక బుట్టలో పైకి పంపుతుంది. కొట్టు వైపున్న కొసని ముఖం అంటాం, ఆవిడ వైపున్న కొసని తోక అంటాం. నాకు కావలసింది ముఖం మీద గోరు మందం పొర, అంతే. వేడిని కొలిచే తీగలు ఎప్పుడో కాలిపోయాయి. ఇప్పుడు రాయి ఒక్కటే తాను చూసిన అతి పెద్ద వేడిని ఒంట్లో దాచుకుని వచ్చి చెబుతుంది.

ఆ ముఖాన్ని ఆకుపచ్చ వెలుగు కింద పెడతాను. రాయి ఆ వెలుగుని కొద్దిగా మార్చి వెనక్కి పంపుతుంది, తెర మీద గీతలు లేస్తాయి. ఏ ఖనిజం గీత దానిదే. సున్నపురాయి గీత తెర అడుగు అంకెల్లో వెయ్యీ ఎనభై ఆరు దగ్గర లేస్తుంది. అది నిటారుగా ఉన్నంతకాలం గోడ గోడలాగే ఉన్నట్టు.

పసుపు తగిలిందా, నా పని గంగలో కలిసినట్టే. పచ్చ వెలుగు పడితే పసుపు తనే మెరిసిపోతుంది. పెళ్ళిపందిట్లో మైకుసెట్టు మోగుతుంటే మంత్రాలు వినపడనట్టు, రాయి గీతలన్నీ ఆ మెరుపులో మునిగిపోతాయి. కడిగినా, సందుల్లోకి దిగిన పసుపు వదలదు. గీకితే నాకు కావలసిన పొర కూడా దానితోనే పోతుంది.

మాటల గొట్టంలో నోరు పెట్టి అరిచాను.

"ఓలే సూరీడూ! రాయికి పసుపు ఎందుకు పూసినావే? నా మిషను గుడ్డిదైపోతంది."

"ఏటి మావా, పొద్దున్నే గొట్టం పగిలిపోయేలాగ?" కింద నుంచి నవ్వు వినపడింది. "కొండ కడుపులోంచి రాయిని లాగీసి, పసుపూ బొట్టూ నేకుండా పంపీమంటావేటి? మన జమునని అత్తోరింటికి అలగే పంపీసినామేటి?"

"జమునని పచ్చ దీపం కింద పెట్టి సదవలేదు కదే నాను."

"నువ్వా? పెళ్ళికొడుకుని సదివినావు, సాల్లే."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పందం కుదిరింది. తోకకి ఎంతైనా పూసుకోవచ్చు. ముఖానికి మాత్రం పసుపు వద్దు. సూరీడమ్మ మాట ఇస్తే తప్పదు, ఆ సంగతి కూడా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

రోహిణి కార్తె, మొదటి రోజు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మా రోజుల్లో రోళ్ళు లోపల భద్రంగానే ఉన్నాయి, బయట అద్దాలే పగులుతున్నాయి. పైద్వారం మూసేశారు. మృగశిర చినుకు పడేదాకా ఎవరూ బయటికి వెళ్ళరు. నడిమి సొరంగం పొడుగునా వట్టివేళ్ళ తడికలు కట్టి, పూటకోసారి నీళ్ళు చల్లుతున్నారు. గిలక బుట్ట ఆ తడికల మధ్య నుంచే పైకి రావాలి కాబట్టి రాళ్ళు కూడా వట్టివేళ్ళ వాసన వేస్తున్నాయి.

మా జమున ఆడపిల్లని కంది. నడిమి సొరంగంలోనే, తడికల పక్కన. పిల్ల గుప్పెడంత ఉంది గానీ గొంతు మాత్రం వాళ్ళ అమ్మమ్మదే. సూరీడమ్మ ఒక పూట పైకొచ్చి, మనవరాలికి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మళ్ళీ దిగిపోయింది. బారసాలకి వస్తానంది.

రాయి: ఒకటి. ముఖం శుభ్రం. వెయ్యీ ఎనభై ఆరు గీత కొంచెం పొట్టిదైంది.

రోహిణి, నాలుగో రోజు

గీత ఇంకా కుంగింది. కొట్టు పెద్ద జగదాంబ గారికి కబురు పెట్టాను. ఆవిడ వచ్చి తెర చూశారు.

"అతిగా నింపేసినాం తవిటయ్యా," అన్నారు.

తప్పు ఆవిడ ఒక్కరిదే అనడానికి నోరు రాదు. పోయిన వానాకాలం ముసురు ఎంతకీ వదల్లేదు. కొట్టులో వేడి అయిపోయి పంకాలు ఆగాయి, చీకట్లో చంటిపిల్లలు దక్కలేదు. ఈ ఏడు రెట్టింపు నింపుదామని సభలో అడిగితే అందరం చేతులెత్తాం. నేను రెండు చేతులూ ఎత్తాను.

సున్నపురాయి అతి వేడికి తాళలేక వేరే రాయిగా మారుతుంది. దానిలోని ఇసకపలుకులతో కలిసి కొత్త ఖనిజమవుతుంది. దాని గీత తొమ్మిది వందల డెబ్బై దగ్గర లేస్తుంది. అలా మారేటప్పుడు రాయి ఊపిరి వదులుతుంది, బొగ్గుపులుసు గాలి. దానికి రంగూ లేదు, వాసనా లేదు, బరువుకి ముందు నేలబారునే పారుతుంది. పగుళ్ళ వెంట సొరంగాల్లోకి వచ్చిందంటే పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉండిపోతారు. మా పక్క కొండ వాళ్ళు కొత్త గీత చూసి కూడా, రెండు రోజులు ఆగి చూద్దాం అనుకున్నారు. ఇప్పుడా కొండ పేరు ఎవరూ ఎత్తరు. అందుకే మా దగ్గర నియమం పెట్టారు. కొత్త గీత లేచిన క్షణాన రాళ్ళగదిలో ఉన్నవాడు గంట కొట్టాలి, కొండ ఖాళీ అయిపోవాలి, ఎవరూ ఎదురు మాట్లాడకూడదు.

కానీ ఖాళీ చేసి ఎక్కడికి పోతాం? బయట రోహిణి. ఆ ఎండలో నెల తిరగని బిడ్డ ఒక్క పూట బతకదు.

జగదాంబ గారు ఒక దారి చెప్పారు. అడుగు సొరంగం కొసన, బండ అవతల, పాత గని పొగగొట్టం ఉంది. అక్కడిదాకా తొలిస్తే కొట్టులో మిగులు వేడీ, రాతి ఊపిరీ అటు నుంచి అటే బయటికి పోతాయి. ఎవరూ కదలక్కర్లేదు. సూరీడమ్మ, ఆమెతో పనిచేసే డిల్లేశ్వరుడు ఇవాళే మొదలుపెట్టారు.

"కొత్త గీత ముందొస్తాదో, నా బెజ్జం ముందొస్తాదో సూద్దాం," అంది గొట్టంలో. ఏదో పందెం కాసినట్టు మాట్లాడింది.

"గీత ముందొస్తే గంట కొట్టీస్తాను సూరీడూ. నీ బెజ్జం కోసం ఆగను."

"తెలుసు మావా. నువ్వాగవు."

రోహిణి, ఏడో రోజు

రాయి: ఒకటి. ముఖానికి పసుపు!

తోకకి కాదు. ముఖానికే, అదీ తడిపి పూసింది కాదు, పొడి పసుపు వేళ్ళతో అద్ది రుద్దింది. తెర మీద గీతా లేదు గాడిదగుడ్డూ లేదు, ఒకటే మెరుపు.

"సెయ్యి జారిపోనాది మావా," అంది. "ఇక్కడ నీళ్ళు నేవు, సెమట సేతులు. రేపు మంచిది పంపుతాను."

నాకు ఒళ్ళు మండింది. నానా మాటలూ అన్నాను. ఎదురు తిట్టకుండా విన్నది. అది ఆవిడ స్వభావం కాదు. తిట్టు అప్పు ఉంచుకునే మనిషి కాదు.

దీపాన్ని నేల మీద పెడితే ఆరిపోతోందట, అందుకని గోడ మేకుకి తగిలించుకుందట. ఎందుకు ఆరిపోతోందని అడిగితే, "కింద గాలి కొడతంది" అంది.

రోహిణి, తొమ్మిదో రోజు

నిన్నా పసుపే. ఇవాళా పసుపే.

జగదాంబ గారు వచ్చి, చదివావా అని అడిగారు. చదవలేకపోయానని చెప్పాను. కొత్త గీత ఉందా లేదా అని మళ్ళీ అడిగారు. ఉందని చెప్పలేను, లేదని చెప్పలేను, కనిపించనిదాన్ని ఎలా చెప్పను అన్నాను. ఆవిడ పెదవి కొరుక్కుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం డిల్లేశ్వరుడు తల పట్టుకుని పైకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తలకాయ బద్దలైపోతంది బాబాయ్. పిన్ని పొమ్మంది. నాను సూసుకుంటానులే, నువ్వు తొంగోరా అంది."

"ఒక్కర్తినీ ఒగ్గీసి వచ్చీసినావేట్రా?"

"నాను రానన్నాను. సుత్తి తీసింది బాబాయ్ నా మీదకి."

పనిదొంగ అని తిట్టి పంపేశాను. రాతిదుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో నేను ఆ మెట్లు దిగలేను. దిగితే మళ్ళీ ఎక్కలేనని వైద్యుడు ఎప్పుడో చెప్పాడు. అయినా రేపు ఎవరినైనా తోడు తీసుకుని దిగి, నా చేత్తో రాయి పట్టుకుని రావాలి. ఇలా ఎన్నాళ్ళు?

సాయంత్రం గొట్టంలో తనే పిలిచింది.

"మావా, పిల్లనోసారి గొట్టం కాడికి తెస్తావా?"

జమున పిల్లని ఎత్తుకొచ్చింది. బాలింత అంత దూరం నడవకూడదని నేను అంటూనే ఉన్నాను. పిల్ల మొదట ఊరుకుంది, తర్వాత గొట్టం చల్లదనం చెంపకి తగిలి కేరుమంది. ఆ ఏడుపు అడుగుదాకా వెళ్ళింది.

"అమ్మా," అంది జమున, "బారసాల ఎల్లుండే. ఉయ్యాల కట్టీసినాం. నువ్వొచ్చీదాకా పిల్లని ముట్టనివ్వను ఎవరినీ."

"నాకోసం ఆగకండే. మంచి గడియ దాటిపోద్ది."

"ఆగుతాం."

"మొండిదానివి. ఎవరి పోలికో మరి," అంది సూరీడమ్మ. గొంతు బరువుగా ఉంది. అలసటేమో అనుకున్నాను.

రోహిణి, పదకొండో రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాయాలి.

నిన్న నాతో దిగడానికి తోడు దొరకలేదు. ఈ పొద్దున బుట్ట వచ్చింది. అందులో రాయి ఒకటి, ముఖం ఎర్రగా ఉంది.

కుంకం పూసిందనుకున్నాను. పసుపు చాలక ఇప్పుడు కుంకం కూడానా అని గొంతు చించుకుని తిట్టబోయాను. రాయి చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. వేలితో రుద్దాను. అంచుల్లో పొడిగా ఉన్నచోట పసుపు పసుపుగానే ఉంది. వట్టివేళ్ళ తడికల నీటిబొట్లు పడినచోటే ఎర్రబడింది.

పసుపులో సున్నం కలిస్తే ఎరుపు. దిష్టినీళ్ళు కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పెళ్ళికూతురి కాళ్ళకి పారాణి దిద్దే ప్రతివాళ్ళకీ తెలుసు.

ముఖం మీద మరో నీటిబొట్టు వేశాను. రాయి బుస్సుమంది. చెయ్యి కాలింది. పిండిపిండిగా రాలింది.

కొత్త గీత కాదు, దాన్ని దాటిపోయింది. ఇన్నాళ్ళూ నేను పసుపు కడుక్కుంటూ కూర్చున్నాను, అక్కడ గోడ కాలి సున్నమైపోయింది. నేల మీద ఆరిపోయిన దీపం, డిల్లేశ్వరుడి తలనొప్పి, బరువెక్కిన గొంతు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సున్నం తగిలి పసుపు ఎర్రబడుతుందని ఆవిడ అనుకుని ఉండదు. నీళ్ళు లేని చోట పొడి పసుపు రుద్దింది, అక్కడ అది పసుపుగానే ఉంది. దారిలో తడికల సంగతి మర్చిపోయింది.

గంట కొట్టాను. పెళ్ళాం కింద ఉందని తెలిసే కొట్టాను. కొండలో ఉన్నవాళ్ళందరూ లేచి పైద్వారం వైపు పరుగెత్తారు. తడి దుప్పట్లలో పిల్లల్ని చుట్టుకుంటున్నారు. నేను గొట్టం దగ్గరికి పరుగెత్తాను.

"సూరీడూ! పైకి రా! రాయి సున్నమైపోనాది, నాకు తెలిసిపోనాది!"

"గంట ఇనపడింది," అంది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "ఎలగ సదివినావు మావా, అంత పసుపేసినాక కూడా?"

"ఎర్రబడిపోనాదే. తడికల నీళ్ళు పడి."

నవ్వింది. నిజంగా నవ్వింది. "ఓలమ్మ! పారాణి పెట్టి పంపినానన్నమాట."

"ఎందుకే? నాతో ఒక్క మాట సెప్పలేకపోనావా?"

"సెప్తే నువ్వేటి సేద్దువు? గంట కొట్టీసేవోడివి. నీకు అబద్ధం రాదు కదా మావా. అందుకే నీ కంట్లో పసుపు కొట్టినాను. నువ్వు నిజమే సెప్పినావు అందరికీ, కనపడలేదని. నీ తప్పేటీ నేదు." మళ్ళీ ఊపిరి. "రెండు జానలుంది బండ. అవతలి గాలి సప్పుడు ఇనపడతంది నాకు. జమునని ఎండలోకి తియ్యకండి. ఇంకాసేపు ఆపు ఆళ్ళని."

"రెండు జానలు ఎవరైనా తొలుస్తారు! నువ్వు రా. మెట్లెక్కలేకపోతే బుట్టలో కూకో, నాను లాగుతాను. గేపకం ఉందా, పెళ్ళైన కొత్తలో ఎక్కినావు. గిలక ఇరిగిపోద్దేమో అని నాను సచ్చినాను బయంతో."

"గేపకం ఉంది. సరే, బుట్ట పంపుతున్నాను. లాగు."

గిలక కిర్రుమంది. రెండు చేతులా తాడు పట్టుకున్నాను. పట్టుకోగానే తెలిసింది. అది మనిషి బరువు కాదు.

అయినా లాగాను. ఊపిరి అందకపోతుంటే, ఒకవేళ చిక్కిపోయిందేమో, తిండి సరిగా తినడం లేదేమో అని పిచ్చివాడిలా అనుకుంటూ పైదాకా లాగాను. బుట్టలో ఒక రాయి, ఆవిడ పసుపు బరిణె ఉన్నాయి.

గొట్టంలో సుత్తి చప్పుడు మొదలైంది. దానితోపాటు మాట. "ఇనపతలుపు దించీమను మావా. బండ పగిలిందంటే ఈ సొరంగమే పొగగొట్టం అయిపోద్ది. తలుపు తెరిసుంటే ఆ వేడి మీ మీదకే వొచ్చీస్తాది. బేగి దించీమను."

అడుగు సొరంగం మెట్లనీ గిలక దారినీ కలిపి మూసేది ఆ తలుపొక్కటే. నేను దాని దగ్గరికి ఎలా వెళ్ళానో తెలియదు. తలుపు దించే చక్రం దగ్గర డిల్లేశ్వరుడు నిలబడి ఏడుస్తున్నాడు. దిగబోతే వాడే నన్ను పట్టుకున్నాడు. జగదాంబ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"సూరీడమ్మ వస్తోందా తవిటయ్యా?" అన్నారు. "వస్తోందంటే ఆగుతాను. ఎంతసేపైనా ఆగుతాను. నువ్వు చెప్పు."

వస్తోందండీ అంటే సరిపోయేది. ఒక్క మాట. తలుపు తెరిచి ఉండేది, ఏమో, నేను దిగేవాడిని, ఏదో జరిగేది. నా వెనక, పైద్వారం దారిలో, తడి దుప్పట్లలో పిల్లలు ఏడుస్తున్నారు. అందులో ఒక ఏడుపు నాకు తెలిసిన ఏడుపు.

"రాదండి," అన్నాను.

తలుపు దిగింది.

గొట్టం దగ్గరికి తిరిగొచ్చి చెవి పెట్టాను. సుత్తి చప్పుడు మెల్లగా ఉంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతోంది. పిలిస్తే పలకలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పిల్ల పాలు బాగా తాగుతోందని చెప్పాను. పసుపు విషయంలో తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నానని చెప్పాను. ఏదేదో చెప్పాను. చివరికి ఒక దెబ్బ, తర్వాత పెద్ద ఫెళఫెళ, ఆ తర్వాత గాలి. కొండంతా శంఖం ఊదినట్టు మోగింది. పైద్వారం సందులోంచి చూస్తున్న అద్దాలతోట కాపలావాడు, పాత పొగగొట్టంలోంచి దుమ్ము ఆకాశానికి లేచిందని కేకలు పెట్టాడు.

పైద్వారం గడియ తీయబోతున్నవాళ్ళు ఆగిపోయారు. ఎవరూ ఎండలోకి వెళ్ళలేదు.

గొట్టాన్ని బంకమన్నుతో మూయాలి, నియమం ప్రకారం అది కూడా రాళ్ళగదిలో ఉన్నవాడి పనే. మన్ను తడిపి ముద్ద చేశాను. ముందు ఒకసారి సూరీడూ అని పిలిచాను. వేడిగాలి మొహాన కొట్టింది. మూసేశాను.

రోహిణి, చివరి రోజు

రాళ్ళు రాలేదు. ఇక రావు.

ఇనపతలుపుకి చెయ్యి ఆనించలేనంత వేడి. దాని అవతలికి ఎవరూ వెళ్ళలేరు. కొట్టు చల్లారేదాకా, అంటే వానాకాలం మొత్తం, ఆ సొరంగం పొగగొట్టమే. మనిషిని తీసుకొచ్చి నీళ్ళు పోసి సాగనంపే వీలు లేదు.

ఆవిడ చేసింది ఒప్పో తప్పో నాకు తెలియదు. బెజ్జం పడకముందు ఆ గాలి పైకి వచ్చి ఉంటే మేమందరం పోయేవాళ్ళం, నియమం అందుకే ఉంది. బెజ్జం పడింది కాబట్టి అందరూ దేవత అంటున్నారు. జగదాంబ గారు ఆ సొరంగానికి ఆవిడ పేరు పెడతామన్నారు. నాకు దేవత వద్దు. గొట్టంలో నన్ను వెక్కిరించే మనిషి కావాలి.

కోపం వస్తోంది. ఏడుపు వస్తోంది. రెండూ కలిసి వస్తున్నాయి.

జమున ఉయ్యాల విప్పలేదు. బారసాల చెయ్యలేదు. పిల్లని ఒడిలో వేసుకుని, "రాయి సల్లారిపోతే మళ్ళీ ఎప్పట్లాటి రాయి అయిపోద్దా నాన్నా?" అని అడిగింది.

"అవదమ్మా," అన్నాను. "సల్లారతాది గానీ, ఎనక్కి మారదు."

మృగశిర కార్తె, మొదటి రోజు

చినుకు పడింది. పైద్వారం తెరిచారు. జనం చేతులు చాచి వానలో నిలబడ్డారు. నేను కూడా ఒక గిన్నె పట్టుకుని వెళ్ళి వాననీళ్ళు పట్టుకొచ్చాను.

బుట్టలో వచ్చిన ఆఖరి రాయిని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. పొడిగుడ్డలో చుట్టి పెట్టాను. ఇవాళ విప్పాను. తోకకి పసుపు, చుక్కంత బొట్టు. ముఖం శుభ్రంగా ఉంది. ఒక్క రేణువు కూడా అంటకుండా, బహుశా చీర కొంగుతో తుడిచి పంపింది. మొదట ఇచ్చిన మాట ప్రకారం.

పచ్చ వెలుగు కింద పెట్టాను. తెర మీద మెరుపు లేదు. వెయ్యీ ఎనభై ఆరు దగ్గర ఏమీ లేదు; సున్నమైపోయిన భాగానికి అసలు గీతే ఉండదు. తొమ్మిది వందల డెబ్బై దగ్గర కొత్త గీత నిటారుగా, అందంగా లేచింది. నా జన్మలో ఇంత స్పష్టమైన గీత చూడలేదు. ఆవిడ నన్ను చదవనిచ్చింది. ఎంత వేడిలో నిలబడిందో నాకు తెలియాలనే పంపింది.

చాలాసేపు తెర ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరూ లోపలికి రాలేదు. వచ్చినా నాకు సిగ్గు లేదు.

తర్వాత జమునని పిలిచాను. పిల్లని ఎత్తుకుని వచ్చింది. ముత్తైదువగా పోయిన మనిషిని ఎలా సాగనంపాలో మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. నీళ్ళు పోసి, ఒంటికి పసుపు రాసి, కాళ్ళకి పారాణి దిద్ది పంపాలి. మాకు మిగిలింది వేలెడంత రాయి.

బరిణె తెరిచాను. అడుగున కొంచెం పసుపు మిగిలి ఉంది. వాననీళ్ళతో తడిపి ముద్ద చేశాను. రాయిని అరచేతిలో పెట్టుకున్నాను. ముఖం దగ్గరికి వచ్చేసరికి వేలు ఒక్క క్షణం ఆగింది, అలవాటు కొద్దీ.

పూశాను. నా వేలి కిందే పసుపు ఎర్రబడింది. రాయి వెచ్చగా అయింది. జమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల ఆ ఎరుపు వంక కళ్ళు పెద్దవి చేసి చూసింది.

రాయి: ఒకటి. ముఖానికి పసుపు ఉంది. పూసింది నేనే.